ఒకే పోలవరం, నాలుగు ఫోన్లు: గోదావరి డెల్టాలో ఒక వెతుకులాట పరీక్ష

నరసాపురం, మొగల్తూరు వైపు శివారు ఆయకట్టు ఊళ్లలో పోలవరం మాట ఎత్తితే చాలు, ఎవరికి వారు ఫోన్ తీసి ఆధారం చూపిస్తారు. చూపించేది పుకారు కాదు, గూగుల్‌లో తామే వెతికి పట్టుకున్నది. అందుకే దాని మీద అంత నమ్మకం. ఎదుటివాడు కూడా తానే వెతికి పట్టుకున్నది చూపిస్తాడు, అదీ గూగులే. రెండూ పొంతన లేకుండా ఉంటాయి. అప్పుడు వినిపించే మాట ఒకటే: ‘గూగుల్ ఎవడికి కావలసింది వాడికి చూపిస్తుందండీ.’

ఈ మాటలో నిజం ఎంత, దాన్ని ఊళ్లోనే ఎలా తూచవచ్చు అన్నదే ఈ కేసు. ఇందులోని నలుగురూ ఫలానా ఇంటివాళ్లు కారు. డెల్టా ఇళ్లలో తరచూ కనిపించే ఫోన్ అలవాట్లను కలిపి కట్టిన నమూనా. పరీక్ష పద్ధతి మాత్రం ఏ గ్రంథాలయంలోనైనా, కాలేజీ గదిలోనైనా ఒక పూటలో చేయదగినది.

నలుగురిలో మొదటివాడు కాలువ చివర సార్వా, దాళ్వా రెండు పంటలూ వేసే పెద్దాయన. రెండోవాడు కౌలుకి చేపల చెరువు చేసే నడివయసు రైతు. మూడో మనిషి భీమవరంలో డిగ్రీ చదివే అమ్మాయి. నాలుగోవాడు కుక్కునూరు మండలం నుంచి నిర్వాసితుడై పునరావాస కాలనీకి మారిన బంధువు. పెద్దాయనకి పోలవరం అంటే ధవళేశ్వరం దగ్గర దాళ్వాకి నీళ్లు. బంధువుకి అదే పోలవరం, జలాశయంలో నీటిమట్టం 41.15 మీటర్లా, 45.72 మీటర్లా అన్న లెక్క. ఆ గీత ఎక్కడ పడిందన్నదాన్ని బట్టే ఏ ఊరికి పరిహారం ముందు, ఏ ఊరికి తర్వాత అన్నది తేలుతుంది. నలుగురి అవసరాలూ వేరు కాబట్టి నలుగురూ టైప్ చేసే మాటలూ వేరు. ఈ సంగతి చివరిదాకా గుర్తుంచుకోవాలి.

ప్రశ్న ఎంపిక

పరీక్షకి ‘ఏ పార్టీ మంచిది’ లాంటి ప్రశ్న పనికిరాదు. వచ్చిన లింకుల్ని ఏ లెక్కన విడదీయాలో తెలియదు. రెండు వివరణలు బహిరంగంగా పోటీపడుతున్న, మూల పత్రాలు దొరికే ప్రశ్న కావాలి. పోలవరం డయాఫ్రం వాల్ అలాంటిది.

వివాదం లేని సంగతులు ఇవి. 2014 పునర్విభజన చట్టం పోలవరాన్ని జాతీయ ప్రాజెక్టుగా ప్రకటించింది. ప్రధాన రాతి, మట్టి కట్ట కింద నీటి ఊట ఆపడానికి నది అడుగున దించిన కాంక్రీటు గోడే డయాఫ్రం వాల్. అది 2018లో పూర్తయింది. 2019 మేలో ప్రభుత్వం మారింది. 2019, 2020 వరదల కాలంలో గోడ దెబ్బతింది. 2024లో అంతర్జాతీయ నిపుణుల బృందం వచ్చి పరిశీలించింది. 2025 జనవరిలో కొత్త గోడ పని మొదలైంది.

వివాదమంతా కారణం దగ్గరే. కాఫర్ డ్యామ్‌లు (పని జరిగే చోటికి నది నీరు రాకుండా వేసే తాత్కాలిక కట్టలు) పూర్తికాకుండానే గోడ కట్టడం తప్పు అని ఒక పక్షం వాదన. 2019 తర్వాత కాంట్రాక్టు ఏజెన్సీని మార్చడం, కాఫర్ డ్యామ్‌లో ఖాళీల్ని వరద వచ్చేలోగా పూడ్చకపోవడం తప్పు అని రెండో పక్షం వాదన. ప్రతి లింకునూ ‘మొదటి వివరణ, రెండో వివరణ, రెండూ ఉన్నాయి, రెండూ లేవు’ అని నాలుగు గళ్లలో వేయవచ్చు. కొలత కుదిరే ప్రశ్న అంటే ఇదే.

ఫలితాలు మనిషిని బట్టి ఎంత మారతాయి

గూగుల్ 2009 డిసెంబరు నుంచి లాగిన్ అవ్వని వాళ్లకి కూడా వ్యక్తిగతీకరించిన ఫలితాలు ఇవ్వడం మొదలుపెట్టింది. రచయిత ఎలై పారిసర్ 2011లో దీన్ని ‘ఫిల్టర్ బబుల్’ (మనకి నచ్చేవే కనిపించే బుడగ) అన్నాక ఆ భయం అందరికీ పాకింది. భయం సబబైనదే. కానీ ఆ తర్వాత కొలిచినవాళ్లకి తేలింది అంత సూటిగా లేదు. నార్త్‌ఈస్టర్న్ యూనివర్సిటీలో అనికో హన్నాక్ బృందం 2013లో ప్రచురించిన కొలతల్లో వ్యక్తిగతీకరణ వల్ల మారిన ఫలితాలు సగటున 11.7 శాతం. ఆ తేడాకి కారణాలుగా గట్టిగా తేలినవి రెండే: ఖాతాలో లాగిన్ అయి ఉండటం, ఐపీ అడ్రసును (నెట్ కనెక్షన్ గుర్తింపు సంఖ్యను) బట్టి ప్రాంతం. 2023లో నేచర్ పత్రికలో వచ్చిన రొనాల్డ్ రాబర్ట్‌సన్ బృందం పరిశోధన ఇంకో మెట్టు ముందుకి వెళ్లింది. గూగుల్ చూపించే వార్తా లింకులకంటే జనం ఎంచుకుని చదివేవే ఎక్కువ ఒకపక్షంగా ఉన్నాయని అందులో తేలింది.

అలాగని వెతుకులాటకి రాజకీయ బలం లేదనుకోవడం పొరపాటు. రాబర్ట్ ఎప్‌స్టీన్, రాబర్ట్‌సన్ 2015లో ప్రచురించిన ప్రయోగాల్లో ఒకటి మన 2014 లోక్‌సభ ఎన్నికల వేళ, ఎవరికి ఓటేయాలో ఇంకా తేల్చుకోని భారత ఓటర్లతో చేసినదే. ఫలితాల వరసను ఒక అభ్యర్థి వైపు మొగ్గేలా కావాలని మార్చి చూపిస్తే, తేల్చుకోనివాళ్ల మొగ్గు 20 శాతం, అంతకుమించి కదలగలదని వాళ్లు చూపారు. అది ప్రయోగం కోసం వంచిన వరస. మామూలు రోజున గూగుల్ అలా చేస్తోందన్న రుజువు కాదు. పై మూడు లింకుల్ని దాటి కిందికి వెళ్లేవాళ్లు తక్కువ గనుక, వరసకి బలం ఉంది అన్నంతవరకే దాని నుంచి తీసుకోవాలి.

కాబట్టి పరీక్షలో కొలవవలసింది రెండు తేడాలు: మనిషి మారితే వచ్చేది, మాట మారితే వచ్చేది. విడివిడిగా కొలవకపోతే రెండోదాన్ని కూడా మొదటిదాని ఖాతాలో రాసేస్తాం. ఊళ్లో వాదనల్లో జరుగుతున్నది సరిగ్గా ఇదే.

ఏర్పాటు

కావలసినవి: నలుగురి సొంత ఫోన్లు నాలుగు, పోలిక కోసం కొత్తగా రీసెట్ చేసిన ఫోన్లు రెండు, ఒకే వైఫై లేదా ఒకే హాట్‌స్పాట్, గళ్ల కాగితాలు, గడియారం. రీసెట్ చేసిన రెండు ఫోన్లనూ చాలామంది అనవసరం అనుకుని వదిలేస్తారు. పరీక్షంతా వాటి మీదే నిలబడుతుంది. ఏ చరిత్రా లేని రెండు ఫోన్లలో ఒకే మాట ఒకే నిమిషంలో కొట్టినా ఫలితాలు కొంత తేడాగా రావచ్చు. గూగుల్ నడిపే సర్వర్లు వేరు కావచ్చు, ఆ పూట ఏదో కొత్త మార్పుని కొందరి మీదే పరీక్షిస్తూ ఉండవచ్చు. ఆ తేడాకీ మనిషి అభిప్రాయానికీ సంబంధం లేదు. దాన్ని ముందు కొలిచి పక్కన పెట్టాలి.

ముందుగా అందరి ఫోన్లనూ ఒకే నెట్‌కి కలిపి, మొబైల్ డేటా ఆపాలి. లొకేషన్ అనుమతి ఆపాలి. ఫలితాల పేజీ అడుగున గూగుల్ తాను అనుకుంటున్న ఊరి పేరు చూపిస్తుంది, అది రాసుకోవాలి. మొబైల్ డేటా మీద ఉంటే అక్కడ మీ ఊరు కాకుండా ఎక్కడో ఉన్న పెద్ద నగరం పేరు పడవచ్చు. పెద్దాయన ఫోన్‌ని హైదరాబాద్‌లో ఉన్నట్టు, అమ్మాయి ఫోన్‌ని భీమవరంలో ఉన్నట్టు చూస్తే వచ్చే తేడా రాజకీయం కాదు, భూగోళం.

తర్వాత ఒకరు మాట చదివి వినిపిస్తే, అందరూ అక్షరం తేడా లేకుండా టైప్ చేసి, లెక్కపెట్టగానే ఒకేసారి నొక్కాలి. వాయిస్‌తో వెతకకూడదు. ఒకరి ఉచ్చారణ ‘డయాఫ్రం’గా, ఇంకొకరిది మరో మాటగా పడుతుంది. ఆటోకంప్లీట్ చూపించే మాటల్ని నొక్కకూడదు, కానీ అవేమిటో రాసుకోవాలి. మొదటి పది లింకుల స్క్రీన్‌షాట్ తీయాలి. ‘స్పాన్సర్డ్’ అని ఉన్నవాటిని లెక్కలో కలపకూడదు. ఎన్నికల ప్రకటనలకి గూగుల్ వయసు, లింగం, పిన్‌కోడ్ స్థాయి ప్రాంతం వరకు గురిపెట్టనిస్తుంది, అందుకని పెద్దాయనకీ అమ్మాయికీ అవి వేరుగా రావచ్చు. అది ప్రకటన ఇచ్చినవాళ్ల ఎంపిక. పైన ఏఐ సారాంశం వస్తే దాన్నీ విడిగా రాసుకోవాలి.

ఒక మాటకీ తర్వాతి మాటకీ మధ్య 11 నిమిషాలు ఆగాలి. ఇది హన్నాక్ బృందం పాటించిన విరామం. వెంటవెంటనే వెతికితే ముందు వెతికిన మాట ప్రభావం తర్వాతి ఫలితాల మీద పడుతుందని, అది పది నిమిషాల్లో తగ్గిపోతుందని వాళ్లు గమనించారు. ఆగడానికి ఓపిక లేక, కింద వచ్చే ఐదు మాటలూ వరసగా కొట్టేస్తే పరీక్ష పాడయినట్టే. ‘చంద్రన్న పోలవరం’ అనో ‘జగనన్న పోలవరం’ అనో కొట్టి, వెంటనే ఉత్త ‘పోలవరం’ కొడితే రెండోదానికి మొదటిదాని వాసన అంటుకోవచ్చు.

లెక్క

రెండు ఫోన్ల పదేసి లింకుల్లో ఉమ్మడివి ఎన్నో చూసి, రెండిట్లో కలిపి మొత్తం వేర్వేరు లింకులు ఎన్ని ఉన్నాయో దానితో భాగించాలి. ఈ కింది అంకెలు పద్ధతి తెలియడానికి వేసుకున్నవే. రీసెట్ ఫోన్లు రెండిట్లో 9 ఉమ్మడి అయితే మొత్తం వేర్వేరువి 11, భాగిస్తే 0.82. పెద్దాయన ఫోన్‌కీ రీసెట్ ఫోన్‌కీ 8 ఉమ్మడి అయితే వేర్వేరువి 12, భాగిస్తే 0.67. అంటే పెద్దాయన చరిత్ర వల్ల వచ్చిందనదగిన తేడా 0.82కీ 0.67కీ మధ్య ఉన్న 0.15 మాత్రమే. 1 నుంచి 0.67 తీసేసి 0.33 అనుకుంటే ఎలాగూ వచ్చే తేడాని కూడా ఆయన నెత్తిన వేసినట్టు.

ఇప్పుడు అదే రీసెట్ ఫోన్‌లో మాట మార్చి వెతికి, రెండు మాటల లింకుల్నీ ఇలాగే పోల్చాలి. 3 ఉమ్మడి అయితే వేర్వేరువి 17, భాగిస్తే 0.18. ఏ చరిత్రా లేని ఫోన్‌లో, ఏ మనిషీ మారకుండా వచ్చిన తేడా అది.

లింకుల్ని గళ్లలో వేసే పని ఇద్దరు విడివిడిగా చేయాలి, ఇద్దరూ ఒకే పార్టీ మొగ్గున్నవాళ్లు కాకూడదు. వాళ్లు ఎక్కడ విభేదించారో అక్కడ బలవంతంగా రాజీ చేయవద్దు, ‘విభేదం’ అని అలాగే ఉంచాలి. శీర్షిక చూసి వేయకూడదు, లింకు తెరిచి కనీసం మొదటి నాలుగు పేరాలు చదవాలి. వీడియో అయితే తంబ్‌నెయిల్ ఒకటి చెబుతుంది, లోపల మనిషి ఇంకొకటి చెబుతాడు.

మాటలోనే పార్టీ

కేసులో అసలు పట్టు ఇక్కడ ఉంది. ఈ ఐదు ప్రశ్నలు చూడండి.

‘పోలవరం డయాఫ్రం వాల్ కొట్టుకుపోవడానికి కారణం ఎవరు’
‘కాఫర్ డ్యామ్ లేకుండా డయాఫ్రం వాల్ ఎందుకు కట్టారు’
‘రివర్స్ టెండరింగ్ పోలవరం నష్టం’
‘పోలవరం డయాఫ్రం వాల్ ఎందుకు దెబ్బతింది’
‘పోలవరం డయాఫ్రం వాల్ నిపుణుల నివేదిక’

మొదటిది ‘ఎవరు’ అని అడిగింది, కాబట్టి వచ్చేవి మనుషుల్ని వేలెత్తి చూపే పేజీలు. ‘కొట్టుకుపోవడం’ అనే మాట కూడా సాక్ష్యం చెప్పేస్తోంది. గోడ కొన్నిచోట్ల దెబ్బతినడం వేరు, కొట్టుకుపోవడం వేరు. రెండోది మొదటి పక్షం వాదనే, చివర ప్రశ్నగా మారిందంతే. మూడోది రెండో పక్షానిది, 2019 తర్వాత కాంట్రాక్టు ఏజెన్సీని మార్చిన టెండరు పద్ధతి పేరే రివర్స్ టెండరింగ్. ఇలాంటి మాటలు మనకి పుట్టవు. సభల్లో, టీవీ చర్చల్లో, వాట్సాప్ ఫార్వర్డ్‌లో వినీ చూసీ నోటికి వచ్చినవి. ఆ మాటల్ని పుట్టించినవాళ్ల పేజీల్లోనే అవి దట్టంగా ఉంటాయి, యంత్రం మాటకి మాట కలిపి అక్కడికే తీసుకెళుతుంది. ఇందులో వెతికే మనిషి గురించి గూగుల్‌కి ఏమీ తెలియాల్సిన పని లేదు.

పెద్దాయన రెండో ప్రశ్న, ఆయన తోడల్లుడు మూడో ప్రశ్న వేసి, ఇద్దరూ ఫోన్లు చూపించుకుని ‘గూగుల్ మనిషిని బట్టి చూపిస్తోంది’ అని తేల్చుకుంటారు. ఫోన్లు మార్చుకుని వెతికినా, మాట మార్చకపోతే దాదాపు అవే పేజీలకు చేరతారు. ఈ ఒక్క మార్పిడి చేయించి చూపితే చాలు, గంటసేపు ఉపన్యాసం అక్కర్లేదు.

దీనికి బలమైన ఆధారం 2025లో యూజీనా లియుంగ్, ఒలెగ్ ఉర్మిన్‌స్కీ ప్రచురించిన పరిశోధన. జనం తమకి ముందే ఉన్న నమ్మకం వైపు ఒరిగిన ఇరుకు మాటలతో వెతుకుతారని, ఆ ఇరుకు ఫలితాలు ఆ నమ్మకాన్ని కదలనివ్వవని, ఫలితాల్ని విశాలం చేస్తే మాత్రం జనం అభిప్రాయం సర్దుకుంటుందని వాళ్లు చూపారు. ఊరికి ఇది మంచి కబురు. మనుషులు మారరు అనే నిరాశకి ఇక్కడ ఆధారం లేదు.

ఫార్వర్డ్‌లో వచ్చిన వాక్యాన్ని కాపీ చేసి ‘నిజమో కాదో చూద్దాం’ అని వెతకడం ఇంకా ప్రమాదం. ఆ వాక్యం అచ్చంగా ఉన్న పేజీ దాన్ని పుట్టించినదో, దాన్ని ఎత్తి రాసినదో అయి ఉంటుంది. 2023 చివర నేచర్‌లో వచ్చిన ప్రయోగాల్లో, తప్పుడు వార్తని పరీక్షించడానికి ఆన్‌లైన్‌లో వెతికినవాళ్లు దాన్ని నిజమని నమ్మే అవకాశం వెతకనివాళ్లకంటే పెరిగింది. నాసి రకం సమాచారమే ఎదురైనవాళ్లలో ఈ పెరుగుదల ఎక్కువ. వాక్యం వదిలేసి అందులోని పేరు, తేదీ, అంకె పట్టుకుని వెతకాలి.

తెలుగులో వెతికితే

పైదానికి తోడు మనకి మాత్రమే ఉన్న చిక్కు ఇంకొకటి. పోలవరం ప్రాజెక్టు అథారిటీ, కేంద్ర జల సంఘం పత్రాలు, పార్లమెంటు జవాబులు ఎక్కువగా ఇంగ్లిషులో ఉంటాయి. తెలుగు అక్షరాల్లో వెతికితే అవి పైకి తేలవు. తేలేవి తెలుగు వార్తా సైట్లు, యూట్యూబ్ చర్చలు. వాటిలో పెద్దవి కొన్ని ఏ పార్టీకి దగ్గరో పాఠకులందరికీ తెలుసు. కాబట్టి తెలుగు పాఠకుడి ముందున్న రాశే ముందుగా రెండు కుప్పలుగా విడిపోయి ఉంది. డిగ్రీ చదివే అమ్మాయి అదే ప్రశ్నని ఇంగ్లిషులో కొడితే మూడో కుప్ప కనిపిస్తుంది. ఆమె పెద్దాయనకంటే నిష్పక్షపాతి అయినందువల్ల కాదు, భాష మారినందువల్ల. ఇంగ్లిషు అక్షరాల్లో తెలుగు రాస్తే మరో తీరు: వీడియోలు, వాటి శీర్షికలే ఎక్కువ. నా లెక్కలో డెల్టా పాఠకుడి దృష్టిని ఇరుకు చేస్తున్నవాటిలో మొదటిది ప్రశ్నలోని మాట, రెండోది ఈ భాష అడ్డుగోడ. ఖాతా చరిత్ర ఆ తర్వాతే.

జిల్లా పేర్లూ తికమక పెడతాయి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాక పోలవరం ఏలూరు జిల్లాలోకి వెళ్లింది. ‘పశ్చిమ గోదావరి’ పేరు భీమవరం కేంద్రంగా ఉన్న జిల్లాకి మిగిలింది. ‘పశ్చిమ గోదావరి పోలవరం నిర్వాసితులు’ అని వెతికితే పాత వార్తలు మీద పడి, పరిహారం సంగతి ఎప్పుడో ఆగిపోయినట్టు కనిపిస్తుంది. బంధువు ఊరి పేరు, మండలం పేరు, ‘41.15’ అంకె కలిపి వెతకాలి. ఫలితాల మీద తేదీ వడపోత పెట్టి గత ఏడాదికి కుదించాలి.

యూట్యూబ్ సంగతి వేరు

గూగుల్ వెతుకులాటకి చెప్పిన ఊరట యూట్యూబ్ హోమ్ పేజీకి వర్తించదు. అక్కడ ఎవరూ ప్రశ్న వేయరు. ముందు చూసినవాటిని బట్టి పేజీయే వడ్డిస్తుంది. కౌలు రైతు రోజూ రొయ్యల ధర వీడియో కోసం తెరుస్తాడు, పక్కనే ఒక చర్చ వస్తుంది, చూస్తాడు, మర్నాడు అలాంటివి మూడు వస్తాయి. ఇంట్లో ఒకే ఫోన్ ముగ్గురి చేతుల్లో తిరిగితే ఆ చరిత్ర ఎవరిదో కూడా తెలియదు. అందుకే పరీక్షకి ముందు ‘ఈ ఫోన్ ఇంకెవరు వాడతారు’ అని అడిగి రాసుకోవాలి. యూట్యూబ్ హోమ్‌ని వెతుకులాట లెక్కలో ఎన్నడూ కలపకూడదు, వేరే కాగితం మీద రాయాలి. చూసిన చరిత్రని ఆపి, ఉన్నది తుడిచేస్తే హోమ్ పేజీ దాదాపు ఖాళీ అవుతుంది. ఇది నలుగురికీ కళ్లముందు చేసి చూపదగిన పని.

ఎక్కడ తప్పుతుంది

వరద రోజుల్లో ఈ పరీక్ష పెట్టకూడదు. ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులకి మొదటి ప్రమాద హెచ్చరిక ఎగరేశారంటే పోలవరం అన్న ప్రతి మాటకీ నీటిమట్టం వార్తలే వస్తాయి, గంటగంటకీ మారతాయి. ఆ రోజు కొలిచిన తేడా గోదావరిది.

ఇన్‌కాగ్నిటో (వెతికినవాటి చరిత్ర దాచుకోని బ్రౌజర్ కిటికీ) మీద అతినమ్మకం రెండో తప్పు. అది ఖాతా చరిత్రని పక్కన పెడుతుంది గానీ ఐపీ అడ్రసుని దాచదు. ఇన్‌కాగ్నిటో ట్యాబులన్నీ మూసేదాకా లోపల వెతికిన మాటలు కొనసాగుతూనే ఉంటాయి. అన్నిటికీ మించి, టైప్ చేసే మాట అదే అయితే అది ఏమీ మార్చదు. ఖాతాలో ‘వెబ్ అండ్ యాప్ యాక్టివిటీ’ ఆపడం, పాతది తుడవడం మంచివే. దానివల్ల వచ్చే మార్పు పైన కొలిచిన ఆ చిన్న ముక్క మేరకే ఉంటుందని చెప్పి మరీ చేయించాలి. లేకపోతే సెట్టింగ్ మార్చాం కాబట్టి ఇప్పుడు కనిపించేదంతా నిష్పాక్షికం అనే కొత్త నమ్మకం పుడుతుంది. పాత నమ్మకంకంటే అది గట్టిది.

మూడోది మనుషులతో వచ్చేది. గదిలో ‘మీరు చూసేది ఒకవైపు వార్తలే బాబాయ్’ అని అమ్మాయి అనగానే పెద్దాయన ఫోన్ జేబులో పెట్టేసుకుంటాడు. పరీక్ష అక్కడితో ముగుస్తుంది. ‘బాబాయ్, ఇదే సంగతి మనకి గిట్టనివాళ్లు అడిగితే ఎలా అడుగుతారండీ?’ అంటే ఆయనే నవ్వి చెబుతాడు. ఆయనకి అవతలి వాదన బాగా తెలుసు, రోజూ కాలువ గట్టు మీద వింటూనే ఉన్నాడు. ఆ ప్రశ్నని ఆయన చేతే, ఆయన ఫోన్‌లోనే టైప్ చేయించాలి. వచ్చిన పేజీలు ఆయన నమ్మనక్కర్లేదు. ఉన్నాయని చూస్తే చాలు.

నలుగురికీ ఇచ్చిన చీటీ

ఏ రాజకీయ ప్రశ్నకైనా మూడుసార్లు వెతకాలి: మన మాటతో ఒకసారి, అవతలివాళ్ల మాటతో ఒకసారి, ‘ఎవరు’ తీసేసి ‘ఎందుకు’ పెట్టి ఒకసారి. నాలుగోసారి ప్రాజెక్టు పేరుకి ‘నివేదిక’ లేదా ‘లోక్‌సభ జవాబు’ కలిపి, తెలుగులోనూ ఇంగ్లిషులోనూ వెతకాలి. ఇంగ్లిషు పత్రం దొరికితే బ్రౌజర్‌లో అనువాదం నొక్కి చదవాలి. అనువాదంలో అంకెలు, తేదీలు దాదాపు సరిగ్గా వస్తాయి, వాక్యాల మధ్య ‘కాబట్టి’, ‘అయినప్పటికీ’ మాత్రం తారుమారవుతాయి. బాధ్యత ఎవరిదని తేల్చే వాక్యం దగ్గర మూలం చదవగలిగిన వాళ్లని పక్కన కూర్చోబెట్టుకోవాలి.

పెద్దాయనకి ఈ చీటీ ఫోన్ కవర్ వెనక పెట్టుకునే సైజులో, పెద్ద అక్షరాల్లో రాసి ఇవ్వాలి. బంధువు చీటీ మీద మాత్రం అదనంగా రెండు అంకెలు ఉండాలి, 41.15, 45.72, పక్కనే అడుగుల్లో 135, 150. ఆయన ఊళ్లో పాతవాళ్లు ఇప్పటికీ అడుగుల్లోనే మాట్లాడతారు. మీటర్లలో వెతికితే దొరకని పాత వార్తలు కొన్ని అడుగుల్లో వెతికితే దొరకవచ్చు.

ఎన్నికల నోటిఫికేషన్ వచ్చిన వారంలో, వరద లేని రోజు చూసుకుని, అవే ఐదు మాటలతో పరీక్ష మళ్లీ పెట్టాలి. పాత స్క్రీన్‌షాట్లు తుడిచేయవద్దు. మొదటి మూడు లింకుల్లో ఏవి మారాయో వాటితోనే పోల్చాలి.